క్లోజ్డ్ బ్యాక్ హెడ్‌ఫోన్‌లో బేస్ కనిపించకపోతే ముందు చూడవలసింది ప్యాడ్ అంచునే

మీ ప్రశ్న సారాంశం ఇది. లక్షన్నర రూపాయలకు పైగా పెట్టి క్లోజ్డ్ బ్యాక్ ప్లానార్ హెడ్‌ఫోన్ కొన్నారు, అంటే కప్పుల వెనుక భాగం మూసి ఉండి, పలుచని చదునైన పొర కదలికతో ధ్వని పుట్టించే రకం. అందులో బేస్, అంటే లోతైన స్వరాల భాగం, ఉండీ లేనట్టుగా ఉందని, గాయకుల గొంతులు పలచబడి కాస్త కీచుగా వినిపిస్తున్నాయని, అదే హెడ్‌ఫోన్‌ను మీ తమ్ముడు పెట్టుకుంటే బేస్ నిండుగా ఉందంటున్నాడని, సమీక్షల్లో చూపించిన గ్రాఫ్‌లోనూ గీత 20 హెర్ట్జ్ వరకు చదునుగానే ఉందని రాశారు. యాంప్ మార్చాలా, ఈక్యూతో, అంటే స్వరాల పాళ్లను మార్చే ఈక్వలైజర్‌తో, సరిచేసుకోవాలా, వేరే ప్యాడ్లు వేయాలా, లేక సెట్టునే వాపసు ఇచ్చేయాలా అని అడిగారు. మీరు కళ్లజోడు వాడతారని, మీ తమ్ముడికి ఆ అవసరం లేదని చివర్లో యథాలాపంగా ఒక మాట చేర్చారు. అసలు విషయం ఆ మాటలోనే ఉంది.

యాంప్ సంగతి ముందే తేల్చేద్దాం. ప్లానార్ డ్రైవర్ (ధ్వని పుట్టించే భాగం) ఇంపెడెన్స్, అంటే విద్యుత్ ప్రవాహానికి అది చూపే అడ్డు, వినికిడి పరిధి అంతటా దాదాపు ఒకే విలువ దగ్గర నిలిచి ఉంటుంది కాబట్టి, ఒక యాంప్ తీసి మరొకటి పెట్టినంత మాత్రాన బేస్‌కూ ట్రెబుల్‌కూ (హెచ్చు స్వరాలకూ) మధ్య ఉన్న నిష్పత్తి మారదు. పైగా మీ యాంప్ బేస్ ఇవ్వలేకపోతూ ఉంటే అది మీ తమ్ముడికీ ఇవ్వలేకపోవాలి. సెట్టు ఒకటే, పాట ఒకటే, యాంప్ ఒకటే అయినప్పుడు మారింది తల ఒక్కటే. తలతో పాటు మారేది ప్యాడ్ అంచుకూ చర్మానికీ మధ్య గాలి చొరబడకుండా ఉండే బిగువు. దాన్నే సీల్ అంటున్నాం. ధర పెరిగేకొద్దీ ఇటువంటి బెడద తగ్గుతుందని చాలామంది అనుకుంటారు. నేను చూసినంతలో క్లోజ్డ్ బ్యాక్ సెట్టుల విషయంలో అది తరచుగా పెరుగుతుంది. దానికి కారణం తెలియాలంటే కప్పు లోపల బేస్ ఎలా పుడుతుందో కొంత చెప్పుకోవాలి.

40 హెర్ట్జ్ ధ్వని తరంగం పొడవు గాలిలో దాదాపు 8.6 మీటర్లు. కప్పు లోపలి కొలత కొన్ని సెంటీమీటర్లు మాత్రమే. అంత ఇరుకు చోట అంత పొడవైన తరంగం ప్రయాణించే ప్రసక్తే లేదు. డ్రైవర్ పొర ముందుకు వచ్చినప్పుడు లోపలి గాలి నొక్కుకుంటుంది, వెనక్కి పోయినప్పుడు సాగుతుంది, అంతే. ఆ పీడనంలోని హెచ్చుతగ్గులనే కర్ణభేరి బేస్‌గా అందుకుంటుంది. గదిలో పెద్ద సబ్‌వూఫర్ కష్టపడి చేసే పనిని అరచేతిలో ఇమిడే డ్రైవర్ చేయగలగడానికి కారణం ఇదే. డ్రైవర్, చర్మం, ప్యాడ్ కలిసి ఒక మూసిన గదిగా ఏర్పడినంత కాలం ఎంత లోతైన స్వరమైనా పీడనం తగ్గదు. ఆ గదికి ఎక్కడో ఒక సందు పడిందంటే పరిస్థితి వాషర్ అరిగిన సైకిల్ పంపులా తయారవుతుంది: నెమ్మదిగా నొక్కితే గాలంతా పక్కనుంచి జారిపోతుంది, జోరుగా కొడితే కొంతైనా టైరులోకి ఎక్కుతుంది. 40 హెర్ట్జ్ అంటే నెమ్మదిగా నొక్కడం, 400 హెర్ట్జ్ అంటే జోరుగా కొట్టడం. అందుకే సందు వల్ల లోతైన స్వరాలు పోతాయి, గొంతులు మాత్రం దాదాపు అలాగే మిగులుతాయి.

ఎంత సందుకు ఎంత నష్టమో తెలిస్తే విషయం ఇంకా స్పష్టమవుతుంది. డ్రైవర్‌కు ముందు, చెవితో కలిపి ఉన్న గాలి 60 ఘన సెంటీమీటర్లు అనుకుందాం. కళ్లజోడు కాడ ప్యాడ్‌ను పైకెత్తినప్పుడు కాడకు అటూ ఇటూ మిగిలే ఖాళీ మొత్తం 10 చదరపు మిల్లీమీటర్లని, ఆ ఖాళీ 20 మిల్లీమీటర్ల ప్యాడ్ వెడల్పు గుండా బయటికి దారి తీస్తుందని అనుకుందాం. సీసా మూతి దగ్గర ఊదినప్పుడు వచ్చే స్వరాన్ని లెక్కగట్టే హెల్మ్‌హోల్ట్జ్ సూత్రంలోనే ఈ అంకెలు పెడితే దాదాపు 158 హెర్ట్జ్ వస్తుంది. అంటే 3 మిల్లీమీటర్ల చదరం కన్నా కొంచెం పెద్దదైన సందు 158 హెర్ట్జ్‌కు కింద ఉన్న సంగీతాన్నంతా దెబ్బతీయగలదు. సందును నాలుగో వంతుకు తగ్గిస్తే ఆ హద్దు సగానికి, అంటే 79 హెర్ట్జ్‌కు దిగుతుంది. ఆ హద్దుకు కింద ప్రతి ఆక్టేవ్‌కూ, అంటే ఫ్రీక్వెన్సీ సగానికి దిగిన ప్రతిసారీ, 12 డెసిబెల్‌ల చొప్పున పడిపోవడం ఆదర్శ స్థితిలోని లెక్క. నిజమైన సెట్టులో డ్రైవర్ పొర వంగే గుణం హద్దును కొంత కిందికి జరుపుతుంది. సందు మరీ సన్నని చీలిక అయితే గాలి రాపిడి వల్ల వాలు కాస్త మెల్లగా ఉంటుంది. అయినా స్థూలంగా చెవికి తెలిసేది ఈ లెక్కకు దూరంగా ఉండదు.

ఈ లెక్కలోనే మరొక విషయం దాగి ఉంది. ఆ హద్దు దగ్గర గాలికి సహజమైన ఊగు ఉంటుంది. దాన్ని అణిచే రాపిడి తక్కువగా ఉంటే అక్కడ బేస్ తగ్గకపోగా కొద్దిగా ఉబ్బుతుంది. అందువల్ల సీల్ సరిగా లేని సెట్టు ఎప్పుడూ బేస్ లేనట్టే వినిపించాలని లేదు. 40 హెర్ట్జ్ మాయమై 120 హెర్ట్జ్ ఉబ్బితే శ్రోత దాన్ని మొద్దుబారిన బేస్ అనో, బురదగా ఉన్న బేస్ అనో వర్ణిస్తాడు. ఒకే మోడల్ గురించి ఒకరు బేస్ లేదని, మరొకరు బేస్ అతిగా ఉందని వాదులాడుకోవడం మీరు చదివే ఉంటారు. వారిద్దరి చెవుల్లోనూ తప్పు లేకపోవచ్చు. ఇద్దరూ రెండు వేర్వేరు సందులను సమీక్షిస్తున్నారు. మృదంగం వినేవారికి దీన్ని గుర్తుపట్టడం సులువు. కుడివైపు మూతలోని నాదం, వేళ్ల చప్పుడు చెక్కుచెదరకుండా వినిపిస్తూ ఉండగా, ఎడమవైపు తొప్పి మీద అరచేయి జరిపినప్పుడు రావలసిన గుంకి లోతు లేకుండా కేవలం తట్టిన శబ్దంగా మిగిలితే ముందుగా ప్యాడ్‌ను అనుమానించండి.

మానవ శ్రవణ స్వభావం కూడా ఈ నష్టాన్ని పెద్దదిగా చూపిస్తుంది. ఏ ఫ్రీక్వెన్సీ ఎంత గట్టిగా ఉంటే చెవికి సమానంగా వినిపిస్తుందో చూపే సమాన శబ్ద తీవ్రత వక్రరేఖలు, అంటే ఐఎస్ఓ 226 అనే అంతర్జాతీయ ప్రమాణంలో ఇచ్చినవి, తక్కువ ఫ్రీక్వెన్సీల దగ్గర ఒకదానికొకటి దగ్గరగా ఉంటాయి. వెయ్యి హెర్ట్జ్ దగ్గర 5 డెసిబెల్‌లు తగ్గితే ఒక మోస్తరు తేడాగా అనిపిస్తుంది, 30 హెర్ట్జ్ దగ్గర అదే 5 డెసిబెల్‌లు తగ్గితే స్వరం సగానికి సగం అణగారినట్టు ఉంటుంది. మీరు కీచుగా ఉన్నాయన్న గొంతుల సంగతి కూడా ఇందులో భాగమే. పైన ఉన్న స్వరాలు పెరగలేదు. కింద వాటికి తూకంగా ఉండవలసినవి పోయాయి. ఈ తేడాను ట్రెబుల్ దోషంగా భావించి మెత్తని ధ్వని ఇస్తుందంటూ ఖరీదైన కేబుల్ కొనేవారిని చూస్తే నాకు నిజంగా బాధ కలుగుతుంది.

ఇక సందు ఎక్కడ పడుతుందన్నది. కళ్లజోడు కాడను అందరూ ఊహించగలరు కానీ, కళ్లజోడు లేనివారికి కూడా సందు పడే ముఖ్యమైన చోటు ఒకటి ఉంది. చెవి తమ్మెకు సరిగ్గా కింద, దవడ ఎముక మూలకూ చెవి వెనుక ఉబ్బెత్తుగా ఉండే ఎముకకూ మధ్య ఒక పల్లం ఉంటుంది. చూపుడువేలు అక్కడ ఆనించి నోరు నెమ్మదిగా తెరిచి మూయండి. పల్లం లోతు మారడం వేలికే తెలుస్తుంది. సన్నని ముఖం ఉన్నవారిలో ఈ పల్లం బాగా లోతుగా ఉంటుంది. చదునైన ప్యాడ్ దానిమీదుగా వంతెనలా నిలబడిపోయి కింద గాలికి దారి వదిలేస్తుంది. పాట నడుస్తుండగా పళ్లు బిగించినప్పుడో, ఆవలించినప్పుడో బేస్ పెరిగి తరిగి చేస్తోందంటే మీ సందు అక్కడే ఉందని అర్థం.

కళ్లజోడు విషయానికి వస్తే కాడ మందం ప్రధానం. ప్లాస్టిక్ ఫ్రేముల కాడలు 4, 5 మిల్లీమీటర్ల మందం ఉండటం మామూలే. సన్నని లోహపు కాడ అందులో నాలుగో వంతు కూడా ఉండకపోవచ్చు. మెత్తని ఫోమ్ సన్నని కాడ చుట్టూ సర్దుకుని మూసుకుపోతుంది, మందపాటి కాడ దగ్గర మాత్రం పైనా కిందా మూలల్లో ఖాళీ మిగిలిపోతుంది. జుట్టు కూడా తక్కువది కాదు. వెంట్రుకలు ఒకదానిమీద ఒకటి పడి ప్యాడ్ కింద గాలి ఆడే పొరలా పనిచేస్తాయి. జడ వేసుకునేవారు చెవి ముందు, వెనుక ఉన్న పాయలను ప్యాడ్ లోపలికో పూర్తిగా బయటికో సర్దుకుంటే తేడా వెంటనే తెలుస్తుంది. బుట్టలు, పెద్ద దుద్దులు ప్యాడ్ అంచును లోపలినుంచి ఎత్తుతాయి. దవడ మీద దట్టంగా గడ్డం ఉన్నా ఇదే కథ. వీటన్నిటి తర్వాత చాలామంది అసలు చూడని చోటు ఇంకొకటి ఉంది: ప్యాడ్‌కూ కప్పుకూ మధ్య ఉండే అతుకు. ప్యాడ్ మార్చినప్పుడు దాని వెనుక పెదవి గాడిలో పూర్తిగా కూర్చోకపోయినా, జిగురు ఒకచోట లేచినా, అక్కడి సందు మీ తలతో సంబంధం లేకుండా బేస్‌ను తినేస్తుంది.

దీన్ని పరీక్షించడానికి ఏ పరికరమూ అక్కరలేదు. ఫోన్‌లో ఏదైనా టోన్ జనరేటర్ పెట్టుకుని, శబ్దాన్ని తక్కువలో ఉంచి, 200 హెర్ట్జ్ నుంచి నెమ్మదిగా 30 వరకు దిగండి. చెవి స్వభావం వల్ల తీవ్రత క్రమంగా తగ్గినట్టు అనిపించడం సహజమే. ఒకచోట మెట్టు విరిగినట్టు హఠాత్తుగా పడిపోకూడదు. వినిపించడం లేదని శబ్దం పెంచవద్దు, ఎందుకంటే సీల్ కుదిరిన క్షణంలో, లేదా టోన్ పైకి జరిగిన క్షణంలో అది చెవిని గాయపరచేంత పెద్దదవుతుంది. 40 హెర్ట్జ్ దగ్గర ఆగి రెండు కప్పులనూ అరచేతులతో మెల్లగా, ప్యాడ్ 2 మిల్లీమీటర్లు మాత్రమే దిగేలా నొక్కండి. ఇక్కడ ఒక మెలిక ఉంది: నొక్కితే లోపలి గాలి పరిమాణం తగ్గి, సీల్ పరిపూర్ణంగా ఉన్నా పీడనం కొంత పెరుగుతుంది. 20 మిల్లీమీటర్ల లోతులో 2 తగ్గితే ఆ పెరుగుదల ఒక డెసిబెల్‌కు లోపే. కాబట్టి నొక్కినప్పుడు తేడా ఉండీ లేనట్టుగా ఉంటే మీ సీల్ బాగున్నట్టు; అణిగి ఉన్న స్వరం ఒక్కసారిగా లేచి నిలబడితే సందు ఉన్నట్టు. తర్వాత చేతులు తీసేసి, వేలితో ప్యాడ్ అంచు చుట్టూ ఒక్కొక్క చోట మాత్రమే తాకుతూ రండి. ఎక్కడ నొక్కితే బేస్ తిరిగి వస్తుందో అక్కడే సందు.

అదే 40 హెర్ట్జ్ టోన్ మోనోలో (రెండు చెవులకూ ఒకే ధ్వని వెళ్లేలా) తల మధ్యలో వినిపిస్తోందా, ఒక పక్కకు ఒరిగిందా అని కూడా గమనించండి. మనుషుల ముఖాలు రెండువైపులా ఒక్కలా ఉండవు కనుక సందు సాధారణంగా ఒకవైపే ఎక్కువగా ఉంటుంది. ఒరిగినట్లయితే హెడ్‌ఫోన్‌ను తిరగేసి, ఎడమ కప్పు కుడి చెవికి వచ్చేలా పెట్టుకుని మళ్లీ వినండి. లోపం కప్పుతో పాటు రెండో వైపుకు మారితే తప్పు సెట్టుది. ఒరుగు మీ ముఖంలో అదే వైపు ఉండిపోతే తప్పు సెట్టుది కాదు. ఏటవాలు ప్యాడ్లున్న మోడళ్లలో తిరగేసినప్పుడు అమరిక సరిగా కుదరదు కాబట్టి అక్కడ ఈ పరీక్షను పూర్తిగా నమ్మలేం. బయటి చప్పుడు కూడా ఒక సాక్ష్యమే: సంగీతం ఆపి, గదిలో సీలింగ్ ఫ్యాన్ గాలి హోరు రెండు చెవులకూ ఒకేలా తగ్గిందో లేదో చూడండి. లోపలి బేస్ బయటికి పోయే దారిలోనే బయటి హోరు లోపలికి వస్తుంది.

ఖరీదైన సెట్టుల్లో ఈ బెడద ఎందుకు ఎక్కువో ఇప్పుడు చెప్పవచ్చు. బయటి శబ్దాన్ని అణిచే కొన్ని బ్లూటూత్ హెడ్‌ఫోన్లలో కప్పు లోపల ఒక మైక్ ఉండి, చెవి దగ్గర నిజంగా ఎంత బేస్ చేరుతోందో చూసి లోటును భర్తీ చేస్తుంది. యాపిల్ ఎయిర్‌పాడ్స్ మ్యాక్స్ ఈ పనిని నిరంతరం చేస్తుంది. సోనీ డబ్ల్యూహెచ్-1000ఎక్స్‌ఎం3లో కళ్లజోడు, జుట్టు వంటివాటిని లెక్కలోకి తీసుకుని శబ్దనివారణను సర్దే ఏర్పాటు ఉంది. తీగతో నడిచే హై ఎండ్ సెట్టులో ఆ దిద్దుబాటు ఏదీ లేదు. డ్రైవర్ ఇచ్చింది ఇచ్చినట్టు మీ తలకు చేరాలి. మీది వంటి క్లోజ్డ్ ప్లానార్‌లో డ్రైవర్ ముందుభాగాన్ని దాదాపు పూర్తిగా మూసి ఉంచి, ఆ మూత మీద ఆధారపడే 20 హెర్ట్జ్ వరకు చదునైన బేస్ సాధిస్తారు. ఆ ఆధారం తొలగితే పతనం కూడా అంత నిటారుగానే ఉంటుంది. ఇందుకు భిన్నంగా, కొన్ని డైనమిక్ సెట్టుల్లో (తీగచుట్టతో పొరను కదిలించే మామూలు డ్రైవర్ల రకం) రూపకర్తలే ముందుగా కొంత గాలిని అదుపుగా వదిలేస్తారు. అప్పటికే ఉన్న దారికి మీ కళ్లజోడు వల్ల ఏర్పడే సందు కొద్దిగా తోడవుతుంది కానీ తలకిందులు చేయదు. స్టూడియోల్లో దశాబ్దాలుగా నలుగుతున్న బేయర్‌డైనమిక్ డీటీ 770కి గాలి కొంత ఆడే వెలూర్ (మఖమల్ లాంటి బట్ట) ప్యాడ్లుండటం ఈ కోవలోనిదే. దానికి బిగువైన తోలు ప్యాడ్లు తొడిగి, బేస్ అతిగా ఉబ్బిందని ఫిర్యాదు చేసేవారున్నారు. వారు సీల్‌ను మెరుగుపరచి ట్యూనింగ్‌ను పాడుచేసుకున్నారన్నమాట. సీల్ ఎంత బిగిస్తే అంత మంచిదన్న సూత్రం ప్రతి సెట్టుకూ వర్తించదు. రూపకర్త ఎంత సీల్‌ను ఊహించి ట్యూన్ చేశాడో అంతే కావాలి.

ప్రతి లోపాన్నీ సీల్ మీదికి నెట్టడం కూడా సరికాదు. 2018లో వచ్చిన సెన్‌హైజర్ హెచ్‌డీ 820, కప్పు వెనుక గొరిల్లా గ్లాస్ బిగించిన మోడల్, ఇందుకు మంచి ఉదాహరణ. దాని కొలతల్లో 300 హెర్ట్జ్ దరిదాపుల్లో కనిపించే పల్లం గురించి చాలా చర్చ జరిగింది. గొంతుల కింది భాగం కొంత ఖాళీగా అనిపించడానికి ఆ పల్లమే కారణం కాగలదు. కళ్లజోడు తీసినంత మాత్రాన అది సమసిపోయే రకం కాదు. నియమంగా చెప్పాలంటే నష్టం కిందికి దిగేకొద్దీ పెరుగుతూ పోతే సందును అనుమానించాలి, ఒక ఇరుకైన చోట మాత్రమే పల్లం పడి దానికి కిందనున్న బేస్ తిరిగి కోలుకుంటే సెట్టు రూపకల్పనను అనుమానించాలి.

మీరు నమ్ముకున్న గ్రాఫ్ అబద్ధం చెప్పలేదు, కానీ అది మీ తలను కొలవలేదు. గ్రాస్, బ్రూయెల్ అండ్ కేర్ వంటి సంస్థల కొలత సాధనాలకు జుట్టు లేదు, కళ్లజోడు లేదు, నోరు తెరిచినప్పుడు కదిలే దవడ లేదు. కొన్నిటికి చెవి చుట్టూ ఉన్న భాగం నున్నని పలక మాత్రమే. అటువంటి పలక మీద ఏ తోలు ప్యాడైనా చక్కగా అతుక్కుంటుంది. ఆడియో సంస్థ హర్మన్‌లో పరిశోధకుడు షాన్ ఓలివ్‌తో కలిసి పనిచేసిన టాడ్ వెల్టీ ఈ తేడా మీదే పరిశోధించి, నిజమైన మనుషుల చెవుల్లో మైకులు పెట్టి కొలిచిన బేస్‌కు యంత్రం మీద కొలిచిన బేస్ దగ్గరగా వచ్చేలా కొలత పద్ధతిని మెరుగుపరిచాడు. ఆర్టింగ్స్ అనే సమీక్షా సంస్థ ఒకే హెడ్‌ఫోన్‌ను వేర్వేరు మనుషుల తలలకు పెట్టి బేస్ ఎంత మారుతోందో విడిగా చూపించేది. కొనేముందు నేను చదునైన ఒక్క గీత కన్నా అలా విస్తరించిన గీతల గుంపునే ఎక్కువ శ్రద్ధగా చూస్తాను. ధర తక్కువైనా అందరూ మెచ్చుకున్న ఏకేజీ కే371 గురించి కొనుగోలుదారుల అభిప్రాయాలు అంతగా చీలిపోవడానికి సీల్ ఒక పెద్ద కారణం.

ఇప్పుడు ప్యాడ్లు. తోలు, కృత్రిమ తోలు గాలిని ఆపుతాయి. వెలూర్, రంధ్రాలున్న తోలు కొంత వదులుతాయి. మీ సెట్టుతో వచ్చినవి గాలి ఆపే రకమైతే, చల్లగా ఉంటాయన్న ఆశతో వెలూర్ ప్యాడ్లు తొడగవద్దు. ఇప్పుడున్న కొద్దిపాటి బేస్ కూడా పోతుంది. లోతైన ప్యాడ్లు కూడా ఉచితంగా రావు. ముందున్న గాలి 60 నుంచి 80 ఘన సెంటీమీటర్లకు పెరిగితే, మిగిలినవన్నీ మారకుండా ఉన్నాయనుకున్నా, బేస్ పీడనం దాదాపు 2.5 డెసిబెల్‌లు తగ్గుతుంది. అయినా మీకు ప్రయోజనం కలగవచ్చు, ఎందుకంటే లోతైన, మెత్తని ఫోమ్ మీ కళ్లజోడు కాడను మింగేస్తే తగ్గే 2.5 కన్నా తిరిగి వచ్చేది చాలా ఎక్కువ. మెమరీ ఫోమ్ వెచ్చదనానికి మెత్తబడుతుంది కాబట్టి పెట్టుకోగానే తీర్పు చెప్పకుండా కొన్ని నిమిషాలు ఆగండి. అమెరికాలో చలికాలం బేస్‌మెంట్‌లో వినే మన మిత్రులకు ఈ ఆలస్యం ఇంకా ఎక్కువగా తెలుస్తుంది. కొత్త సెట్టు కొన్ని వారాల తర్వాత బేస్ మెరుగైందని చెప్పేవారిలో చాలామందికి డ్రైవర్ మారలేదని, ప్యాడ్ వారి దవడ ఆకారానికి అలవాటు పడిందని నా నమ్మకం.

ప్యాడ్ల ఆయువు మీద వాతావరణ ప్రభావం చాలా ఉంటుంది. పాలీయురిథేన్‌తో చేసిన కృత్రిమ తోలు గాలిలోని తేమతో రసాయనికంగా విడిపోతుంది. విశాఖ, కాకినాడ వంటి తీరపట్టణాల్లో అది పొరలుపొరలుగా రాలడం తొందరగా మొదలవుతుంది. తలనూనె, చెమట దీనికి తోడవుతాయి. పైపొర చిట్లిన ప్యాడ్ చూడటానికి బాగానే కనిపించినా గాలి ఆపదు. వాడిన ప్రతిసారీ పొడిగుడ్డతో తుడవడం, మూసిన పెట్టెలో తేమ పీల్చే సిలికా జెల్ సంచి వేయడం ఖర్చులేని జాగ్రత్తలు. గొర్రెతోలు ప్యాడ్లకు ఈ రాలిపోయే జబ్బు లేదు కానీ అవి చెమటకు గట్టిపడతాయి. గట్టిపడ్డ ప్యాడ్ పల్లాలను నింపలేదు.

హెడ్‌బ్యాండ్ అమరికను ఎవరూ పెద్దగా పట్టించుకోరు. బ్యాండ్ ఒక మెట్టు పొడవైతే కప్పు కిందికి జారి, తల వెడల్పుగా ఉన్న పైభాగం దగ్గర ప్యాడ్ నొక్కుకుని, చెవి తమ్మె దగ్గర తేలిపోతుంది. బరువైన సెట్టుల్లో, ఉదాహరణకు 650 గ్రాముల దరిదాపుల్లో ఉండే ఆడెజీ ఎల్‌సీడీ-ఎక్స్‌సీ వంటివాటిలో, తల కొద్దిగా వంచినా ఈ జారుడు మొదలవుతుంది. 40 హెర్ట్జ్ టోన్ వింటూ రెండువైపులా ఒక్కొక్క మెట్టు పైకి కిందికి మార్చి, కప్పును కొంచెం ముందుకు వెనక్కి తిప్పి చూడండి. బేస్ గరిష్ఠంగా ఉన్న అమరికను గుర్తుపెట్టుకోండి. పట్టు పెంచడానికి లోహపు బ్యాండ్‌ను కొద్దిగా లోపలికి వంచేవారున్నారు. అది స్టీలు పట్టీ ఉన్న మోడళ్లకే, అదీ తయారీదారు అనుమతించినప్పుడే చేయాలి. కార్బన్ ఫైబర్ బ్యాండ్ మీద ఆ ప్రయోగం వద్దు.

ట్రెబుల్ విషయంలో సీల్ కన్నా చెవి ఉండే చోటు ముఖ్యం. 8 కిలోహెర్ట్జ్ తరంగం పొడవు దాదాపు 4.3 సెంటీమీటర్లు, అంటే చెవి ఒక సెంటీమీటరు జరిగితే తరంగంలో దాదాపు నాలుగో వంతు జరిగినట్టు. శిఖరాలు, లోయలు చోటు మారడానికి అది చాలు. ప్యాడ్ అరిగి పలచబడితే చెవి డ్రైవర్‌కు దగ్గరై బేస్‌తో పాటు ట్రెబుల్ కూడా మారుతుంది. అందుకే సీల్ కుదిరేదాకా ట్రెబుల్ గురించి ఏ నిర్ణయమూ తీసుకోవద్దంటాను.

ఈక్యూ గురించి అడిగారు. సందును ఈక్యూతో పూడ్చడానికి నేను ఒప్పుకోను. 40 హెర్ట్జ్ దగ్గర 10 డెసిబెల్‌లు పెంచితే పది రెట్లు విద్యుత్ శక్తి కావాలి, పొర మూడు రెట్లకు పైగా ఎక్కువ దూరం ఊగాలి, వికృతి పెరుగుతుంది. అది కూడా ఈ రోజు ఈ అమరికకు సరిపోయే అంకె మాత్రమే. రేపు కప్పు 3 మిల్లీమీటర్లు వెనక్కి కూర్చుంటే ఒక చెవికి బేస్ ముంచెత్తుతుంది, రెండో చెవికి చాలదు. సీల్ కుదిరాక మీ అభిరుచికి తగ్గట్టు 2, 3 డెసిబెల్‌లు సర్దుకోవడానికి మాత్రం ఈక్యూ చక్కగా పనికొస్తుంది.

కనుక మీరు ఈ వరుసలో వెళ్లండి. ముందుగా కళ్లజోడు తీసి, మీకు బాగా తెలిసిన రెండు పాటలు, తర్వాత 40 హెర్ట్జ్ టోన్ వినండి. బేస్ తిరిగి వస్తే సెట్టు నిక్షేపంగా ఉంది. సంగీతం కోసం సన్నని లోహపు కాడలున్న మరో కళ్లజోడు చేయించుకోవడం ఏ ప్యాడ్ కన్నా, ఏ యాంప్ కన్నా తక్కువ ఖర్చు. వినే సమయంలో చదవవలసిన అవసరం లేకపోతే అదీ అక్కరలేదు. కళ్లజోడు తీసినా బేస్ రాకపోతే చెవి తమ్మె కింది పల్లాన్ని వేలితో పరీక్షించి, అక్కడే సందు ఉంటే ప్యాడ్ వెనుక, సరిగ్గా ఆ చోట మాత్రమే సన్నని ఫోమ్ ముక్క దూర్చి ప్యాడ్‌ను కొద్దిగా ఎత్తుచేయండి. తయారీదారు వెనుకవైపు మందంగా ఉండే ఏటవాలు ప్యాడ్లు అమ్ముతూ ఉంటే అవి ఇంకా శుభ్రమైన మార్గం. ఇవేవీ పనిచేయకుండా, తిరగేసి పెట్టుకున్నప్పుడు లోపం కప్పుతో పాటు మారితే ప్యాడ్ అతుకును ఒకసారి తీసి బిగించి చూసి, అప్పటికీ మారకపోతే వాపసు గడువు దాటకముందే విక్రేతకు చెప్పండి. మందపాటి ఫ్రేమును వదలడం మీకు వీలుకాదంటే మాత్రం సెట్టును ఇచ్చివేసి, ఓపెన్ బ్యాక్ డైనమిక్ వైపు చూడటమే మేలు. ఓపెన్ ప్లానార్‌ను మాత్రం చూడకుండా కొనవద్దు, ఎందుకంటే వాటికి వెనుక తెరిచి ఉన్నా ముందు భాగం మీ సెట్టులాగే మూసి ఉంటుంది, కళ్లజోడు కాడకు అవి కూడా ఇలాగే లొంగిపోతాయి.